ఇంద్రుడు ఎక్కడి నుండి వచ్చాడు? – ఒక జపాను ఆట, దాని అనువాద చరిత్ర

గడచిన వేసవి సెలవుల్లో ఒకనాటి మధ్యాహ్నం మా మనుమడు చేతిలో ఫోనుతో నా పడకకుర్చీ దగ్గరకు వచ్చి, "తాతయ్యా, ఈ ఆటలో ఒకాయన అందరిలా మాట్లాడడు. పాతకాలపు ఇంగ్లీషులో దౌ, దీ అంటుంటాడు. అడవిలో పెరిగిన పిల్లవాడొకడు ఆయన్ని 'మిస్టర్ దౌ' అని పిలుస్తాడు. ఎందుకలా?" అని అడిగాడు. ప్రశ్న భాషకు సంబంధించినది కనుక తాతను అడిగాడు. ఆటకు సంబంధించినదైతే నా దగ్గరకు వచ్చేవాడు కాదు.

ఇక్కడ నేనొక పాత సంగతి ఒప్పుకోవాలి. నాచారంలో ఒక పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసే రోజుల్లో, 1994 ప్రాంతాన, ఈ పిల్లవాడి తండ్రి, అంటే మా అబ్బాయి, టీవీకి తగిలించి ఆడుకొనే వీడియో గేమ్ కేసెట్టును లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేశాను. "దీనిలో భాష లేదు, కథ లేదు, రసం లేదు" అన్నాను. ఆ కేసెట్టు మళ్ళీ వాడి చేతికి ఇవ్వలేదు. మనుమడి ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోగా, సరిగ్గా ఆ 1994లోనే జపానులో భాషా, కథా, రసమూ ఉన్న ఆట ఒకటి వెలువడిందనీ, దాన్ని ఇంగ్లీషు చేయడానికి ఒక అనువాదకుడు పడిన పాట్లు మన కవిత్రయం ఎదుట నిలిచిన చిక్కుల వంటివేననీ తెలిసింది. ఆ వైనమే ఈ వ్యాసం.

ఆట పేరు ఫైనల్ ఫాంటసీ. మొదటిది 1987లో హిరొనోబు సకాగుచి దర్శకత్వంలో స్క్వేర్ అనే సంస్థ నుండి వచ్చింది. ఈ జాతి ఆటలను 'రోల్ ప్లేయింగ్' ఆటలంటారు. ఆడేవాడు కథలోని పాత్రలను తన వెంట నడిపించుకుంటూ ఊళ్ళు తిరుగుతాడు, జనంతో మాట్లాడతాడు, యుద్ధాలు చేస్తాడు. సంభాషణలన్నీ తెరమీద అక్షరాలుగా కనిపిస్తాయి. కనుక ఇది చూసే ఆట మాత్రమే కాదు, చదివే ఆట కూడా.

మా మనుమడు ఆడుతున్నది వరుసలో ఆరవది. యోషినోరి కితాసే, హిరొయుకి ఇతో దర్శకులు. సంగీతం నొబువో ఉఎమత్సు. చిత్రరచన యోషితాకా అమానో. 1994 ఏప్రిల్‌లో జపానులో విడుదలయింది. వేయి సంవత్సరాల క్రితం ఒక మహాయుద్ధంతో మంత్రవిద్య నశించిన లోకం, దాన్ని తిరిగి సంపాదించి జగత్తును ఏలదలచిన సామ్రాజ్యం, సగం మానవి, సగం దివ్యజాతికి చెందిన ఒక యువతి – ఇదీ కథావస్తువు. ఆశ్చర్యమేమిటంటే కథ నడుమ దుష్టుడే గెలుస్తాడు. లోకం నాశనమవుతుంది. చెల్లాచెదురైన వీరులను ఒక ఏడాది తర్వాత ఒక్కొక్కరినే వెదికి మళ్ళీ కూడగట్టాలి. పద్నాలుగు ప్రధాన పాత్రలు, మధ్యలో ఒక సంగీత నాటకం, ఇంతటి గ్రంథమూ ఇమిడినది మూడు మెగాబైట్ల కేసెట్టులో! ఈనాడు ఫోనుతో తీసే ఒక్క ఫోటో కూడా తరచు అంత ఉంటుంది.

ఈ ఆటలు అమెరికా చేరిన క్రమమే తికమకగా ఉంది. మొదటిది 1990లో వెళ్ళింది. రెండు, మూడు అప్పట్లో వెళ్ళలేదు. 1991లో వచ్చిన నాలుగవదానికి అక్కడ 'రెండు' అని పేరు పెట్టారు. అయిదవది వెళ్ళలేదు. ఆరవది 1994లోనే 'మూడు' అన్న పేరుతో వెళ్ళింది. ఆ తరువాత 1997లో ఏడవది 'ఏడు' అనే వెళ్ళేసరికి అమెరికా పిల్లలు నడుమ మూడు ఆటలు ఏమయ్యాయని తెల్లబోయారట. అయిదవది ఇంగ్లీషులో వెలువడినది 1999లో. మనకిది కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆపాడు. తిక్కన విరాటపర్వం నుండి అందుకొన్నాడు. ఎర్రన వచ్చి ఆ ఖాళీ పూరించేదాకా తెలుగువాడి భారతం నడుమ పుటలు లేని పుస్తకమే. అనువాదం మూలం నడిచిన వరుసలోనే నడవాలన్న నియమం ఎక్కడా లేదు.

ఆరవ ఆటను ఇంగ్లీషు చేసినవాడు టెడ్ వూల్సీ. జపాను భాషాసాహిత్యాలు అభ్యసించినవాడు. ఆయనకు ఇచ్చిన గడువు సుమారు ముప్ఫై రోజులు. గడువుకన్నా పెద్ద ఇబ్బంది చోటు. జపాను లిపిలో 'కనా' అక్షరం మన అక్షరం వంటిదే, హల్లూ అచ్చూ కలిసి ఒక్క గుర్తు. చైనా నుండి తెచ్చుకొన్న 'కంజి' గుర్తయితే ఒక్కటే ఒక మాట కాగలదు. అదే మాట ఇంగ్లీషులో వ్రాస్తే అయిదారు అక్షరాలవుతుంది. కేసెట్టులో చోటు పెరగదు, తెరమీద మాటల గడీ పెరగదు. కనుక వ్రాసినదాన్ని మళ్ళీ మళ్ళీ కుదించవలసి వచ్చింది. పాత్ర పేరుకు ఆరు అక్షరాలకు మించి చోటు లేదు.

ఇది చదివినప్పుడు నాకు ఛందస్సు గుర్తుకు వచ్చింది. కందపద్యం వ్రాసేవాడికి భావం ఎంత ఉన్నా గణాలు పెరగవు. యతి కుదరకపోతే ఎంత మంచి మాటనైనా వదలుకోవలసిందే. ఏడువందల శ్లోకాల భగవద్గీతను తిక్కన కొద్ది పద్యాలకు కుదించాడు. ఆయనకు గీత తెలియక కాదు గదా! తన కావ్యంలో యుద్ధకథ వేగానికి ఎంత కావాలో అంత ఉంచాడు. చోటును బట్టి విడిచిపెట్టడం వేరు, తెలియక విడిచిపెట్టడం వేరు. అనువాదాన్ని తూచేవాడు మొదట ఈ భేదం గుర్తించాలి.

పేర్ల సంగతి చూడండి. కథానాయిక పేరు జపానులో 'టీనా'. జపానువారి చెవికి అది పరదేశపు వింత పేరు. అమెరికాలో వీధికొక టీనా ఉంటుంది. ఆ వింతదనాన్ని నిలపడానికి వూల్సీ ఆమెను 'టెర్రా' చేశాడు. పేరు మార్చి, పేరు కలిగించే భావాన్ని కాపాడాడన్నమాట. 'మాష్' అనే వీరుడి పేరు ఇంగ్లీషులో బంగాళాదుంపలు చిదమడాన్ని తలపిస్తుంది, కనుక అతడు 'సేబిన్' అయ్యాడు. 'కయెన్' అంటే వారికి మిరపపొడి, అతడు 'సయాన్' అయ్యాడు. మా మనుమడికి సందేహం కలిగించిన పెద్దమనిషి ఈ సయానే.

అన్ని మార్పులూ తెలిసి చేసినవి కావు. ఆట ఆరంభంలో ఇద్దరు సైనికులుంటారు. వారి పేర్లు 'స్టార్ వార్స్' చిత్రంలోని బిగ్స్, వెడ్జ్ అనే పాత్రల నుండి తీసుకొన్నవి. జపాను లిపిలోకి వెళ్ళి తిరిగి ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'బిగ్స్' కాస్తా 'విక్స్' అయ్యాడు. జపాను భాషలో బ-వ ల భేదం లేకపోవడం దీనికి కారణం. జలుబు మందు సీసాకు ఉన్న పేరు సైనికుడికి తగులుకొన్నది! మన వ్రాతప్రతుల్లో లేఖకుల చేతిలో పాఠాలు మారిన తీరు తెలిసినవారికి ఇదేమీ వింత కాదు.

మూడవ రకం మార్పు శాసనం వల్ల వచ్చింది. ఆనాడు అమెరికాలో నింటెండో యంత్రంపై వచ్చే ఆటలకు ఆ సంస్థ కట్టుదిట్టాలు పెట్టింది. మద్యం కనిపించరాదు, నగ్నత కూడదు, మతచిహ్నాలు వద్దు. అందువల్ల మూలంలో మధుశాల అయినది ఇంగ్లీషులో కాఫీ దుకాణం అయింది. 'హోలీ', అంటే పవిత్రం, అనే మంత్రం నాలుగవ ఆటలో 'వైట్', ఆరవ ఆటలో 'పెర్ల్' అయింది. పవిత్రత తెలుపై, తెలుపు ముత్యమై కూర్చుంది. ప్రార్థనల గోపురం కోరికల గోపురమయింది.

నన్ను అన్నిటికన్నా నిలబెట్టిన సంగతి ఇక్కడే ఉంది. మతం పేరెత్తరాదని తమ మాటలన్నీ ఏరిపారవేసిన ఆ ఆటల్లోనే 'శివ' అనే పేరు చెక్కుచెదరకుండా నిలిచింది. అయితే ఆ శివ మన కైలాసవాసి కాదు. మంచును కురిపించే ఒక స్త్రీమూర్తి! నాలుగవ ఆటలో 'అసుర' కూడా ఉంది. ఆమె మూడు ముఖాల రాణి. మూలంలో 'రాము' అనే పేరుగల ముసలి మెరుపుల దేవత ఒకడున్నాడు. 1991 ఇంగ్లీషు ప్రతిలో అతడి పేరు మార్చి ఏమని పెట్టారో తెలుసునా? 'ఇంద్ర'! జపానులో లేని ఇంద్రుడు అమెరికాలో పుట్టాడు. తరువాతి ప్రతుల్లో మళ్ళీ రామునే తెచ్చారు, ఇంద్రుడు పదవీచ్యుతుడయ్యాడు. ఆయనకది అలవాటే.

మొదట నాకు మనసు చివుక్కుమన్న మాట నిజం. శివుడిని స్త్రీని చేయడమేమిటి, తమ దేవుడి ప్రస్తావన దాచి మన దేవుళ్ళను ఆటబొమ్మలు చేయడమేమిటి అనిపించింది. తమ మాటలైతే మతమయ్యాయి, మన పేర్లు వట్టి ధ్వనులయ్యాయి. ఆ పక్షపాతం ఉన్నదే, దాన్ని కప్పిపుచ్చవలసిన పని లేదు. కాని కొంత ఆలోచించాను. అసుర శబ్దం బౌద్ధంతో బయలుదేరి చైనా మీదుగా జపాను చేరింది. నారా నగరంలోని కొఫుకుజి ఆలయంలో ఎనిమిదవ శతాబ్దపు అసుర విగ్రహం ఉంది. మూడు ముఖాలు, ఆరు చేతులు, చూస్తే పసివాడి మొగం. మన అసురుడికీ ఆ మొగానికీ పోలికే లేదు. ఆటలోని మూడు ముఖాల రాణిని చూస్తే ఆ విగ్రహమే గుర్తుకు వస్తుంది. ఆట తయారుచేసినవారు మన ఇంట్లోకి వచ్చి ఎత్తుకొనిపోలేదు. పన్నెండు వందల ఏళ్ళ క్రితమే వారి ఇంటికి చేరిన వస్తువది. మాటలు కాలినడకన ఎంత దూరమైనా పోతాయి, వెళ్ళినచోటి బట్టలు కట్టుకొంటాయి.

పొరపాటు వంటిది రూఢి అయిన వినోదం కూడా ఒకటుంది. నాలుగవ ఆటలో కూతురిని పోగొట్టుకొన్న వృద్ధ మాంత్రికుడు, ఆమెను ప్రేమించిన గాయకుడిమీద విరుచుకుపడతాడు. జపానులో ఉన్నది 'ఒరే నీచుడా' వంటి ఒక్క తిట్టు. ఇంగ్లీషులో దాన్ని 'స్పూనీ బార్డ్' అన్నారు. ప్రేమపిచ్చి పట్టిన పాటగాడా అని అర్థం. ఆ విశేషణం ఎప్పుడో వాడుక తప్పిన పాతమాట. కన్నకూతురు పోయిన తండ్రి నోట అటువంటి మాట విని పిల్లలు విరగబడి నవ్వారు. తరువాత వచ్చిన అనువాదకులు మిగిలిన తప్పులెన్నో సవరించారు గాని ఆ మాట జోలికి పోలేదు. జనం దాన్ని ప్రేమించారు. ఆరవ ఆటను 2000ల మధ్యలో టామ్ స్లాటరీ తిరిగి అనువదించినప్పుడూ ఇదే జరిగింది. తప్పులు దిద్దాడు, వూల్సీ పెట్టిన పేర్లను, జనం నోళ్ళలో నానినవాటిని మాత్రం ఉంచాడు. శాస్త్రం కంటె రూఢి బలవత్తరమని మా గురువుగారు చెప్పేవారు.

ఇక మా మనుమడి ప్రశ్న. సయాన్ రాజభక్తి గల ప్రాచీన యోధుడు. జపాను మూలంలో అతడు ప్రతి వాక్యం చివర 'గొజారు' అంటాడు. అది పాత సామురాయిల మర్యాదక్రియ, మన 'ఉన్నది', 'అగును' వంటి దానికి ప్రాచీన రూపం. అడవిలో మృగాలతో పెరిగిన గావు అనే పిల్లవాడికి ఆ మాట వింతగా తోచి, ఆయనకు 'గొజారు' అనే పేరు పెట్టేస్తాడు. ఇంగ్లీషులో గొజారు లేదు. కాబట్టి వూల్సీ ఆయనచేత పాతకాలపు దౌ, దీ అనిపించి, పిల్లవాడిచేత 'మిస్టర్ దౌ' అనిపించాడు. మాటకు మాట రాలేదు. హాస్యానికి హాస్యం వచ్చింది.

ఇదంతా వివరించాక వాడు ఊరుకోలేదు. "మరి తెలుగులో ఎలా అనిపిస్తావు తాతయ్యా?" అన్నాడు. ముప్ఫైనాలుగేళ్ళు పాఠాలు చెప్పిన నాకు వెంటనే సమాధానం తోచలేదు.

ఆలోచించగా తెలుగులో ఇటువంటి యోధుడి భాష మనకు సిద్ధంగానే ఉంది. నాచారంలో రామకృష్ణా స్టూడియో కట్టించిన ఎన్.టి. రామారావుగారే 1977లో 'దానవీరశూరకర్ణ' తీశారు. దానికి మాటలు వ్రాసినది కొండవీటి వెంకటకవిగారు, మహాపండితులు. ఆ గ్రాంథిక సంభాషణలను అక్షరం ముక్క రాని జనం కూడా కంఠతా పట్టారు. గ్రాంథికం జనానికి ఎక్కదన్న మాట అబద్ధమని చెప్పడానికి నేను తరగతిలో ఆ చిత్రాన్నే ఉదాహరించేవాణ్ణి. కనుక మా యోధుడిచేత "నేను ఏతెంచితిని, శత్రువును కాంచితిని, కుట్రను ఎరింగితిని" అనిపించాను.

మావాడు రెండు నిమిషాలు విని, "తిని, తిని, తిని! తాతయ్యా, గావుకి ఎప్పుడూ ఆకలే. ఎండబెట్టిన మాంసం పెడితేనే మనతో వస్తాడు. ఈయన తిని, తిని అంటుంటే వాడేమనుకుంటాడు? 'ఏం తిని? నాకేదీ?' అంటాడు. ఈయనకు 'తిని మామ' అని పేరు పెడతాడు" అన్నాడు.

నేను నిర్ఘాంతపోయాను. ఉత్తమపురుష ఏకవచన ప్రత్యయాన్ని క్త్వార్థకంగా వినే ఆ శ్లేష జపానులో లేదు, ఇంగ్లీషులో లేదు, తెలుగులో మాత్రమే పుడుతుంది. పైగా ఆ పిల్లవాడి ఆకలికి సరిగ్గా అతుకుతుంది. మూలంకంటె ఒక పిసరు మిన్న అంటే తాతగా నా పక్షపాతమని మీరనవచ్చు. అయినా అంటాను.

ఆ తర్వాత ఇద్దరం కూర్చొని మరికొన్ని చూశాము. ఆటలోని మాయాజీవుల జపాను పేరుకు అక్షరాలా అర్థం 'మాయామృగం'. ఆ మాట తెలుగులో వాడితే చదువరి కళ్ళముందు మారీచుడు గంతులు వేస్తాడు, సీతమ్మ కనిపిస్తుంది, కథ ఎటో పోతుంది. సరైన అర్థమే తప్పు మాట అయ్యే సందర్భమిది. నిప్పు మంత్రం మూడు మెట్లుగా ఉంటుంది. జపానులో మాట చివర ఒక్కొక్క అక్షరం మార్చి బలం పెంచుతారు. పాత ఇంగ్లీషు ప్రతిలో చోటు చాలక 'ఫైర్ 2, ఫైర్ 3' అని అంకెలు వేశారు. మనకు అంకెలతో పని లేదు, అగ్ని, మహాగ్ని, ప్రళయాగ్ని అంటే చాలు.

కాని చోటు సంగతి మనకూ ఉంది. 'స్త్రీ' అన్నది కంటికి ఒక్క అక్షరం. యూనికోడులో అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘ ఈకారం – ఆరు సంకేతాలు. ఆరు గుర్తుల పేరుగడిలో ఒక్క 'స్త్రీ' పెడితే నిండిపోతుంది! జపాను అక్షరాలు సమానమైన గళ్ళలో కూర్చుంటాయి. ఇంగ్లీషు అక్షరాలు ఒకే వరుసలో నడుస్తాయి. మన అక్షరానికి పైన గుణింతం, క్రింద ఒత్తు, మూడంతస్తుల మేడ. 1994 నాటి యంత్రానికి అది దాదాపు అలవికాని పని. ఈనాటి ఫోనుకు అలవికానిదేమీ కాదు. మీరిప్పుడు ఈ వ్యాసం చదువుతున్నది అటువంటి తెరమీదనే కదా.

2022లో ఈ ఆరవ ఆటను ఫోనులకు, కంప్యూటర్లకు కొత్తగా సిద్ధం చేసినప్పుడు దానిలోని సంగీత నాటకాన్ని ఏడు భాషలలో పాడించారు. జపాను, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను, ఇటాలియను, స్పానిషు, కొరియను. తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియను అని ఎవరో అన్నారని చెప్పుకొని మనం మురిసిపోతుంటాము. ఇటాలియనులో పాడించారు, తెలుగులో లేదు. దీనికి జపానువారిని నిందించి లాభం లేదు. కావాలని మనం అడిగినదెన్నడు? చేసి చూపినదెన్నడు? శక్తి లేక కాదు. పరభాషా చిత్రంలో నటుడి పెదవుల కదలికకు తెలుగు మాట కుదర్చడం 1950లోనే 'ఆహుతి' చిత్రానికి శ్రీశ్రీ చేసి చూపాడు. పెదవుల గడి కంటె అక్షరాల గడి కష్టమా? ఆటలు తయారుచేసే పనివారూ లేకపోలేదు. 2009లో ప్లేస్టేషన్ 2 కోసం వెలువడిన 'హనుమాన్: బాయ్ వారియర్' మన హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ రూపొందించినదే.

శ్రీనాథుడి నైషధం చూసి పండితులు, మీ తెలుగు విభక్తులు మీరు తీసుకొని మా సంస్కృత నైషధం మాకిచ్చేయండి అన్నారని ఒక కథ వాడుకలో ఉంది. ఆ ఎత్తిపొడుపు ఎన్నో ఏళ్ళు తరగతిలో నవ్వుతూ చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ విభక్తులు చేర్చినందువల్లనే గదా అది తెలుగువాడి ఇంటికి వచ్చింది! మూలాన్ని కాపాడడమొక్కటే అనువాదకుడి ధర్మం కాదు. చదివే పిల్లవాడి నోట్లో ఆ మాట ఆడేలా చేయడం కూడా ధర్మమే. ముప్ఫై రోజుల గడువు, ఆరక్షరాల గడి, పైన శాసనం – ఇన్నింటి నడుమ వూల్సీ ఆ రెండవ ధర్మాన్ని వీలైనంత నిలబెట్టాడు. ఆయన చేసిన తప్పులను లెక్కపెట్టేవారు ఆ గడిని కూడా కొలిచి చూడాలి.

మా అబ్బాయి మొన్న ఆదివారం ఉప్పల్ ఇంటికి వచ్చినప్పుడు పాత బీరువా తాళం తీశాను. కేసెట్టు అలాగే ఉంది, మీది కాగితం పసుపుపచ్చబడింది. వాడి చేతిలో పెట్టాను. దాన్ని తగిలించే యంత్రం ఎప్పుడో పోయింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా చొక్కా జేబులో వేసుకొన్నాడు.

మనుమడు మాత్రం నాకు కొత్త పేరు పెట్టాడు. ఇప్పుడు ఇంట్లో నేను 'తిని తాత'ను.

పై విషయాల్లో పొరపాట్లు కనిపిస్తే పెద్దలు మన్నించి తెలుపగలరు. ఆ మాయాజీవులకు మారీచుడు గుర్తురాని మంచి తెలుగు పేరు మీకు తోస్తే తప్పక చెప్పండి. మాకింకా కుదరలేదు.